టెక్ సందేహాలు: మనిషి దొరక్కపోతే పొలాన్ని వెతకండి

అమెరికాలో ఉంటున్న పాఠకులు కొందరు ఈమధ్య వంశవృక్షాల గురించి రాస్తున్నారు. తమవి కాదు, పెళ్ళితో చుట్టాలైన అక్కడి రైతు కుటుంబాలవి. ఉత్తరాలన్నీ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఈ వారం శీర్షిక వాటికే.

ప్రశ్న: మా అత్తగారి వైపు వాళ్ళు నెబ్రాస్కా రైతులు. ఆవిడ ముత్తాత నార్వే నుంచి వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాల్లో సేద్యం మొదలుపెట్టాడట. వంశవృక్షం సైట్‌లో ఆయన పేరు ఎక్కించగానే 'ఈయన మీ మనిషేనేమో' అనే సూచనలు, అంటే హింట్స్, కుప్పలుగా వచ్చాయి. అన్నీ ఒప్పుకుంటూ పోయాను. ఇప్పుడు ఆయనకి ఇద్దరు తండ్రులు, మూడు పుట్టిన తేదీలు తేలాయి. ఏది నిజం? (ఒక పాఠకురాలు, ఒమాహా)

జవాబు: ముందు ఆ హింట్స్ ఒప్పుకోవడం ఆపేయండి. వాటిలో రెండు రకాలుంటాయి. కొన్ని జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్ల లాంటి అసలు రికార్డుల నుంచి వస్తాయి. మిగతావి మీలాంటి ఇంకో సభ్యుడు కట్టుకున్న వృక్షం నుంచి వస్తాయి. ఆయన ఇంకొకరి దాంట్లోంచి తీసుకుని ఉంటాడు. పదిమంది వృక్షాల్లో ఒకే తేదీ కనిపిస్తే పది సాక్ష్యాలు ఉన్నాయని కాదు. ఒకరు రాసింది తొమ్మిదిమంది ఎక్కించుకుని ఉండొచ్చు. రికార్డు బొమ్మ జతచేసి లేని సమాచారం అంతటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇక అసలు పని. మీరు పేరుతో వెతుకుతున్నారు. స్కాండినేవియా నుంచి వచ్చిన వాళ్ళలో ఒకే పేరున్న మనుషులు కౌంటీకి పదిమంది ఉంటారు. పేరు మారుతుంది, స్పెల్లింగ్ మారుతుంది, వయసు జనాభా లెక్కకోసారి మారుతుంది. మారనిది పొలం ఒక్కటే. రైతు కుటుంబం విషయంలో నా సలహా ఎప్పుడూ ఇదే: ముందు భూమిని పట్టుకోండి, మనిషి దాని వెంట వస్తాడు.

మీ అత్తగారు చెప్పిన 160 ఎకరాలు 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చి ఉండొచ్చు. అధ్యక్షుడు లింకన్ ఆ ఏడాది మే 20న సంతకం చేశాడు, 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ కుటుంబ యజమాని గానీ దరఖాస్తు పెట్టగలిగేవారు. పౌరసత్వం ఉండాల్సి వచ్చేది, లేదా తీసుకుంటానని ప్రకటించి ఉండాల్సి వచ్చేది. అక్కడే 5 ఏళ్ళు కాపురం ఉండి, ఇల్లు కట్టి, నేల దున్నినట్టు రుజువు చేస్తే పట్టా వచ్చేది. ఆ పట్టాను అక్కడ 'పేటెంట్' అంటారు. మన సాఫ్ట్‌వేర్ పేటెంట్లతో దానికి సంబంధం లేదు, కంగారు పడకండి.

ఫెడరల్ ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ళ జీఎల్‌ఓ (జనరల్ ల్యాండ్ ఆఫీస్) రికార్డ్స్ అనే ఉచిత సైట్‌లో 1788 నుంచి ఇచ్చిన 50 లక్షలకు పైగా భూమి రికార్డులు ఉన్నాయి. రాష్ట్రం నెబ్రాస్కా ఎంచుకుని, ఇంటిపేరు మాత్రమే ఇవ్వండి. మొదటి పేరు పెట్టొద్దు, దాని స్పెల్లింగ్ తప్పితే ఫలితం సున్నా వస్తుంది. కౌంటీ తెలిస్తే అదీ ఇవ్వండి. దొరికిన పట్టా బొమ్మని డౌన్‌లోడ్ చేసుకుని, అందులోని భూమి వివరం, డాక్యుమెంట్ నంబరు, ల్యాండ్ ఆఫీస్ పేరు విడిగా రాసి పెట్టుకోండి. ఆడవాళ్ళ పేర్లు కూడా వెతకండి. పెళ్ళికాని స్త్రీలు, భర్త పోయినవాళ్ళు తమ పేరునే భూమి తీసుకోగలిగేవారు. చాలామంది తీసుకున్నారు కూడా. పక్క పావు సెక్షన్‌లో, అంటే పక్క 160 ఎకరాల్లో, ఒంటరిగా ఉన్న ఒకావిడ తర్వాత ముత్తవ్వగా తేలడం ఈ పరిశోధనలో కొత్తేమీ కాదు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నా లెక్కలో అసలు నిధి ఆ తర్వాత ఉంది. పట్టా ఒక్క పేజీ. దాని వెనక దరఖాస్తు ఫైల్ ఉంటుంది, అది వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. నెబ్రాస్కా ఫైళ్ళు డిజిటైజ్ అయ్యాయి కాబట్టి మీరు అదృష్టవంతులు. కొన్ని ఇతర రాష్ట్రాల వాళ్ళు మాత్రం కాపీ కోసం అర్జీ పెట్టుకోవాలి. ఫైల్‌లో ఇల్లు ఎంత పొడవు ఎంత వెడల్పు, కిటికీలు తలుపులు ఎన్ని, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నాడు, ఏ పంట వేశాడు, కుటుంబంలో ఎంతమంది లాంటి వివరాలు ఆయన స్వయంగా ఇచ్చిన వాంగ్మూలంలో కనిపిస్తాయి. ఆయన విదేశం నుంచి వచ్చినవాడు కాబట్టి పౌరసత్వ కాగితాల నకలు ఉండాలి. అది ఏ కోర్టులో, ఏ ఏడాది జరిగిందో తెలిస్తే ఒకే పేరున్న ముగ్గురిలో ఇద్దరు అక్కడే తప్పుకుంటారు.

ఇంకో సంగతి. తుది రుజువు ఇచ్చే ముందు రైతు స్థానిక పత్రికలో నోటీసు వేయించాల్సి వచ్చేది. అందులో భూమి వివరం, సాక్షులుగా నలుగురు ఇరుగుపొరుగు పేర్లు ఉంటాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ 'క్రానిక్లింగ్ అమెరికా'లో పాత పత్రికలు ఉచితంగా వెతుక్కోవచ్చు. ఆ నలుగురి పేర్లూ మీ నోట్స్‌లో ఎక్కించండి. వలస వచ్చిన రైతులు చాలాసార్లు గుంపుగా, ఒకే ఊరి నుంచి వచ్చారు. మీ మనిషి నార్వేలో ఏ ఊరివాడో ఎక్కడా రాసి లేకపోయినా, సాక్షి సంతకం పెట్టిన పొరుగాయన ఊరు ఎక్కడో రాసి ఉండొచ్చు.

వెతికినా పట్టా దొరక్కపోతే కుటుంబ కథ అబద్ధమని అనుకోకండి. మిడతలకో కరువుకో భూమి వదిలేసి పోయినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి పట్టా రాలేదు కాబట్టి జీఎల్‌ఓ సైట్‌లో ఉండరు. ల్యాండ్ ఆఫీసుల్లో రాసుకున్న ట్రాక్ట్ బుక్స్‌లో మాత్రం ఉంటారు. వాటి బొమ్మలు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర సైట్‌లో ఉచితం. పేరుతో కాకుండా టౌన్‌షిప్ (భూమిని కొలిచిన చదరం) వారీగా పేజీలు తిప్పాలి, ఓపిక కావాలి.

ప్రశ్న: మా మామగారి పాత పట్టాలో 'సెక్షన్ 14లో ఆగ్నేయ పావు, టౌన్‌షిప్ ఇంత, రేంజ్ ఇంత, ఆరో ప్రిన్సిపల్ మెరిడియన్' అని ఉంది. ఇది ఫోన్ మ్యాప్‌లో కనిపిస్తుందా? (నెబ్రాస్కాలోని లింకన్ ఊరి నుంచి)

జవాబు: మామూలు మ్యాప్ యాప్‌లో టైప్ చేస్తే ఏమీ రాదు. పద్ధతి తెలిస్తే సులువే. ప్రిన్సిపల్ మెరిడియన్ అంటే భూమి కొలత మొదలుపెట్టిన ఉత్తర దక్షిణ గీత, రేంజ్ నంబరు దానికి తూర్పుకో పడమరకో ఎన్నో నిలువు వరుసో చెబుతుంది. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళ చదరం. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే 160. నంబర్లు ఈశాన్య మూల నుంచి మొదలై పడమటికి వెళ్ళి, కింది వరుసలో తూర్పుకి తిరిగొస్తాయి, అలా వంకర్లు తిరుగుతూ 36 ఆగ్నేయ మూలలో ముగుస్తుంది. ఈశాన్యంతో మొదలైంది కదా అని వాస్తు వెతక్కండి, అది 1796 నాటి చట్టం పెట్టిన వరుస.

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దిగుతుంది. ఎర్త్ పాయింట్ అనే సైట్‌లో రాష్ట్రం, మెరిడియన్, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ ఇస్తే ఆ చదరం గూగుల్ ఎర్త్‌లో గీతలుగా వస్తుంది. టౌన్‌షిప్ పక్కన ఉత్తరమా దక్షిణమా, రేంజ్ పక్కన తూర్పా పడమరా అన్నది తప్పక చూసి వేయండి. ఆరో మెరిడియన్‌కి అటూ ఇటూ పొలాలున్నాయి కాబట్టి తూర్పు బదులు పడమర కొడితే చాలా దూరంలో ఇంకొకరి పొలం కనిపిస్తుంది. ఒకసారి స్థలం తేలాక కౌంటీ ప్లాట్ మ్యాపులు తెరవండి. వాటిలో ప్రతి కమతం మీదా యజమాని పేరు అచ్చయి ఉంటుంది. వేర్వేరు ఏళ్ళ మ్యాపులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పెడితే పొలం తండ్రి నుంచి కొడుక్కో అల్లుడికో వెళ్ళడం కళ్ళముందే తెలుస్తుంది. కూతుళ్ళ అత్తింటి ఇంటిపేర్లు దొరికే చోటు కూడా అదే.

అదే పని మీద ఇంకో పొర కూడా వేసుకోండి. ఆ నేల మీ వాళ్ళు వచ్చేసరికి ఖాళీగా పడి లేదు. ఏ తెగ నుంచి, ఏ ఒప్పందం కింద ప్రభుత్వం చేతికి వచ్చిందో చూపే మ్యాపులు చార్లెస్ రాయిస్ 1899లో తయారుచేసినవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పొలం చరిత్ర రాస్తూ దీన్ని వదిలేస్తే మొదటి పేజీ చింపేసిన పుస్తకం ఇచ్చినట్టే.

ప్రశ్న: తండ్రికి ఒక ఇంటిపేరు, కొడుక్కి ఇంకోటి, అమెరికా వచ్చాక మూడోది. సాఫ్ట్‌వేర్ వీళ్ళని వేర్వేరు కుటుంబాలు చేస్తోంది. (ఫార్గో నుంచి)

జవాబు: సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, నార్వే పద్ధతే అంత. తండ్రి లార్స్ అయితే కొడుకు లార్సెన్, ఆ కొడుకు ఊలె అయితే మనవడు ఊల్సెన్. దాని వెనక ఉంటున్న పొలం పేరు. పొలం మారితే ఆ పేరూ మారేది. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్న చట్టం అక్కడ 1923లో గానీ రాలేదు. అందుకే మనిషికి ప్రత్యామ్నాయ పేర్లు ఎన్నైనా పెట్టే వీలున్న సాఫ్ట్‌వేర్ వాడండి. తండ్రి పేరుతో వచ్చేది ఒక పేరుగా, పొలం పేరు రెండో పేరుగా, అమెరికాలో స్థిరపడ్డది మూడోదిగా, ఒక్కోదానికి ఏడాది, ఆధారం జతచేసి ఎక్కించండి. పొలం పేరుని 'నివాసం' గడిలో కూడా వేయండి. నార్వే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ డిజిటల్‌ఆర్కివెట్ ఉచితం. 1865, 1900, 1910 జనాభా లెక్కలూ చర్చి రిజిస్టర్లూ ఉన్నాయి. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ జాబితాలు ఆ రిజిస్టర్లలోనే ఉంటాయి. అక్కడ మనిషి పేరు కన్నా పొలం పేరుతో వెతికితేనే త్వరగా దొరుకుతారు.

ప్రశ్న: 1880 జనాభా లెక్కల్లో తాత చిన్నపిల్లాడు, 1900లో పెళ్ళయి నలుగురు పిల్లలు. మధ్యలో ఏమీ లేదు. సైట్‌కి డబ్బులు కట్టింది వృథా అయినట్టేనా?

జవాబు: డబ్బులు కట్టినా రాదు. 1890 లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, మిగిలినవి తర్వాత ధ్వంసమయ్యాయి. దాదాపు 6.3 కోట్ల మందిలో 6,000 చిల్లర పేర్లే మిగిలాయి. నెబ్రాస్కా, డకోటా టెరిటరీ లాంటి కొన్ని చోట్ల 1885లో విడిగా లెక్కలు తీశారు, అవి చూడండి. వ్యవసాయ షెడ్యూళ్ళు కూడా తెరవండి. 1850 నుంచి 1880 వరకు ఎకరాలు, పశువులు, గింజల దిగుబడి రైతు పేరున రాశారు.

ప్రశ్న: సైట్ చందా ఆపేస్తే నా పని అంతా పోతుందని టెన్షన్. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

జవాబు: అసలు ప్రతి మీ కంప్యూటర్‌లో ఉండాలి, సైట్‌లో ఉండేది నకలు కావాలి. గ్రాంప్స్ ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటిలో నడుస్తుంది. మొదట్లో కాస్త మొండిగా అనిపిస్తుంది గానీ ఆధారాలు నమోదు చేయడంలో దానికి సాటి తక్కువ. సైట్ నుంచి జెడ్‌కామ్ ఫైల్ (వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లన్నీ చదివే ఉమ్మడి ఫార్మాట్) ఎగుమతి చేసి అందులో తెరవండి. జెడ్‌కామ్‌లో పేర్లు, తేదీలు, బంధుత్వాలు వస్తాయి. మీరు జతచేసిన పట్టా బొమ్మలు, ఫోటోలు మాత్రం చాలా సైట్ల నుంచి రావు, వాటిని విడిగా దించుకోవాలి. నార్వే పేర్లలో గీతలు, చిన్న సున్నాలున్న అక్షరాలు చెత్తగా మారితే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. బతికున్నవాళ్ళ వివరాలు తీసేశాకే ఆ ఫైల్ ఎవరికైనా పంపండి. ఫ్యామిలీసెర్చ్‌లో కట్టే వృక్షం అందరిదీ ఒకటే అని కూడా గుర్తుంచుకోండి, మీరు దిద్దింది ఇంకొకరు మళ్ళీ మార్చవచ్చు.

ప్రశ్న: చాట్‌బాట్‌ని అడిగితే ఎనిమిది తరాలు చెప్పింది. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. రికార్డు చూడకుండా చెప్పిన పేర్లు అచ్చం నిజంలా కనిపిస్తాయి, అదే ప్రమాదం. పాత చేతిరాత చదివించడానికి ఏఐ బాగా పనికొస్తుంది. ఫ్యామిలీసెర్చ్‌లో 2024లో వచ్చిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్ భూమి దస్తావేజుల్లో, వీలునామా కేసుల్లో చేతిరాతని చదివి పేర్లు వెతుకుతుంది. ఇండెక్స్‌లో లేని సాక్షులు, అల్లుళ్ళు దాంట్లో బయటపడుతున్నారు. దొరికాక అసలు బొమ్మ తెరిచి మీ కళ్ళతో చదవండి.

ప్రశ్న: డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఇదంతా తప్పుతుందా?

జవాబు: తప్పదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేత చేయించండి, ఒక తరం దగ్గరవుతారు. ముత్తాత తండ్రి దగ్గర కలిసే కజిన్లు, అంటే థర్డ్ కజిన్లు, దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది మ్యాచ్‌గా కనిపిస్తారు. ఇంకో తరం వెనక్కి పోతే సగం మంది కనిపించరు. మ్యాచ్ కాలేదంటే చుట్టం కాదని అర్థం కాదు. కంపెనీ ఎంచుకునేటప్పుడు డేటా తొలగించే వీలు ఎంత సులువో చూడండి. 23అండ్‌మీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేశాక లక్షలమంది ఆ బటన్ ఎక్కడుందో వెతుక్కున్నారు.

ప్రశ్న: మావారి పూర్వీకులు టెక్సాస్ రైతులు. జీఎల్‌ఓ రికార్డ్స్‌లో ఒక్కరూ లేరు. (డాలస్ నుంచి)

జవాబు: ఉండరు. టెక్సాస్ భూములు ఫెడరల్ ప్రభుత్వం పంచినవి కావు, ఆ రాష్ట్రమే పంచింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ జనరల్ ల్యాండ్ ఆఫీస్ సైట్‌కి వెళ్ళి 'ల్యాండ్ గ్రాంట్' విభాగంలో వెతకండి.

ప్రశ్న: అత్తగారి ఇంట్లో 1880ల నాటి కుటుంబ బైబిల్, రేకు మీద తీసిన ఫోటోలు ఉన్నాయి. ఫోన్‌తో తీస్తే చాలా?

జవాబు: బైబిల్‌కి ఫోనే మేలు. స్కానర్ మీద బోర్లించి నొక్కితే కుట్లు తెగుతాయి. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పేరున్న పేజీలతో పాటు ప్రచురణ ఏడాది ఉన్న పేజీ కూడా తీయండి. పుట్టిన తేదీ 1852, బైబిల్ అచ్చయింది 1881 అయితే ఆ తేదీ గుర్తుచేసుకుని రాసిందని తెలుస్తుంది. ఫోటోలకి ఫ్లాట్‌బెడ్ స్కానర్, 600 డీపీఐ, నలుపు తెలుపువైనా కలర్ మోడ్, టిఫ్ ఫైల్. వెనక వైపు కూడా స్కాన్ చేయండి. రంగులద్దే, ముఖం స్పష్టం చేసే ఏఐ యాప్‌లు నకలు మీదే వాడండి. అవి లేని కనురెప్పలు కూడా గీస్తాయి.