చప్పట్ల కింద ఒక్క స్వరం

ప్రశ్న: మొదటిసారి ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లి జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రాసిన వయొలిన్ కాన్సర్టో (ఒక వయొలిన్ ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచన) విన్నాను. మొదటి భాగం అయిపోగానే చప్పట్లు కొట్టాను. పక్కవాళ్లు అదోలా చూశారు. నేను చేసింది తప్పా? అంతమంది వాయిస్తుంటే ఆ ఒక్క వయొలిన్ ఎలా వినబడుతుంది?

జవాబు: తప్పేం కాదండీ. ఆ కాన్సర్టో 1845లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదటిసారి వినిపించిన రోజుల్లో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు మామూలే. మెండెల్సన్‌కు మాత్రం అలా తెగిపోవడం ఇష్టం లేదు. అందుకే ఒక ఉపాయం చేశాడు. మొదటి భాగం పెద్ద హోరుతో ముగుస్తుంది, అందరూ ఆగిపోతారు, ఒక్క బసూన్ (మంద్రంగా పలికే, ఊది వాయించే పొడవాటి వాద్యం) మాత్రం తన స్వరాన్ని వదలదు. కాసేపు అలాగే పట్టుకుని, అర స్వరం పైకి జరుగుతుంది. అక్కడి నుంచే రెండో భాగం మొదలు.

నేను చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్లలో (రెండో వయొలిన్ల బృందంలో) వెనక వరసలో వాయిస్తున్నాను. ఒకసారి చప్పట్ల హోరులో ఆ బసూన్ పూర్తిగా మునిగిపోయింది. ఊపిరంతా పెట్టి ఊదుతున్న ఆ బసూన్ కళాకారుడి మెడ నరాలు నాకు కనిపిస్తున్నాయి, స్వరం మాత్రం వినబడలేదు. ఇప్పటికీ ఆ చోటు వస్తే నాకు టెన్షనే. సోలో వాయించేవారు అక్కడ కమాను దించేస్తారు, అందుకే మీరు అయిపోయిందనుకున్నారు. ఈసారి కండక్టర్ చేతులు చూడండి, అవి కిందికి దిగవు.

ఇక రెండో ప్రశ్న. సోలో వయొలిన్ వినబడేది గట్టిగా వాయించడం వల్ల కాదు, మేం తగ్గడం వల్ల. ఈ కాన్సర్టో మొదట్లో మేం గుసగుసలాడినట్టు వాయిస్తాం. రెండు బార్లు (తాళంలో ఆవర్తం లాంటి చిన్న కొలతలు) కూడా నిండకుండానే సోలో వయొలిన్ పై తీగ మీద అందుకుంటుంది. అంత ఎత్తులో పలికే స్వరం మా అందరి మీదుగా హాలు చివరిదాకా వెళ్తుంది.

కానీ నాకు ప్రాణమైన చోటు అది కాదు. కొంతసేపయ్యాక ఒక నెమ్మదైన రెండో రాగం వస్తుంది. దాన్ని క్లారినెట్లు, ఫ్లూట్లు పాడతాయి. సోలో వయొలిన్ అన్నిటికన్నా కింది తీగను వేలు పెట్టకుండా, ఒక్క స్వరంగా సాగదీస్తూ ఉంటుంది, తంబురా శ్రుతిలాగా. అంతటి విద్వాంసులు అక్కడ ఇతరులకు శ్రుతి పడతారు. మళ్లీ వెళ్లినప్పుడు రాగాన్ని కాసేపు వదిలేసి, అడుగున మోగే ఆ స్వరాన్ని పట్టుకోండి.