పాత వీసీఆర్, కొత్త టీవీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పెళ్లి క్యాసెట్ చూద్దామని పాత వీసీఆర్ బయటికి తీశాం. దాని వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు ఉన్నాయి, కొత్త టీవీకేమో హెచ్‌డీఎంఐ తప్ప ఇంకేమీ లేదు. కన్వర్టర్ కొని పెట్టినా ‘నో సిగ్నల్’ అనే వస్తోంది. వీసీఆర్ పాడైపోయినట్టేనా?

జవాబు: అప్పుడే వీసీఆర్‌ని అనుమానించకండి, ముందు ఆ కన్వర్టర్ మీద ఏం రాసుందో చదవండి. చూడ్డానికి ఒకేలా ఉండే ఈ డబ్బాల్లో రెండు రకాలున్నాయి, ఒకటి ఏవీని, అంటే ఆ పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్ల సిగ్నల్‌ని, హెచ్‌డీఎంఐగా మారుస్తుంది, రెండోది హెచ్‌డీఎంఐని ఏవీగా మారుస్తుంది. మీకు కావాల్సింది మొదటిది. రెండోది తెచ్చుకుని ఉంటే ఎన్ని రకాలుగా తిప్పి పెట్టినా బొమ్మ రాదు, మార్చి తెచ్చుకోవాల్సిందే.

సరైనదే అయితే దానికి కరెంటు అందుతోందా చూడండి. చాలావాటికి యూఎస్‌బీ వైరుతో విడిగా 5 వోల్టులు ఇవ్వాలి, హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే పెడితే సరిపోదు. ఇక వీసీఆర్ వైపు పిన్నులు ‘అవుట్’ అని రాసున్న సాకెట్లలోనే ఉండాలి. అవే రంగుల్లో పక్కనే ‘ఇన్’ అని కూడా ఉంటాయి, అవి రికార్డు చేసుకోవడానికి, తొందరలో చాలామంది వాటిలోనే పెట్టేస్తారు! పసుపు బొమ్మకి, మిగతా రెండూ సౌండ్‌కి. తర్వాత రిమోట్‌లో సోర్స్ నొక్కి, కన్వర్టర్ పెట్టిన హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకుని, క్యాసెట్ ప్లే చేయండి.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే అప్పుడు రిపేరు మాట. 2016 జులైలో జపాన్ కంపెనీ ఫునాయ్ వీసీఆర్ల తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు కాబట్టి పారేయడానికి మాత్రం తొందరపడకండి.

ప్రశ్న: మా టీవీకి పసుపు సాకెట్ లేదు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉన్నాయి, వాటి పక్కన తెలుపు, ఇంకో ఎరుపు. పసుపు పిన్ను ఆకుపచ్చలో పెడితే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది.

జవాబు: పిన్ను సరైన చోటే పెట్టారు, తేడా సోర్స్‌లో ఉంది. ఆ ఆకుపచ్చ సాకెట్ కింద ‘వీడియో’ అని కూడా రాసుంటే అది రెండు పనులకీ వాడేది. సోర్స్‌లో ‘కాంపొనెంట్’ ఉంటే టీవీ ఆకుపచ్చ నుంచి వెలుగునీడలే తీసుకుని, రంగుల కోసం నీలం, ఎరుపు వైర్ల వైపు చూస్తుంది, అవి ఖాళీగా ఉన్నాయి కదా. ‘ఏవీ’కి మార్చండి. సౌండ్ ఎరుపు మాత్రం తెలుపు పక్కనున్న దాంట్లోనే పెట్టాలి.

అప్పటికీ రంగు రాకపోతే, క్యాసెట్ వేరే దేశం నుంచి వచ్చిందేమో చూడండి. మన దగ్గరి టీవీ పద్ధతి ‘పాల్’లో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు, అమెరికా లాంటి దేశాల పద్ధతి ‘ఎన్‌టీఎస్‌సీ’లో 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. రెండూ ఆడించగల వీసీఆర్ కావాలి, వైర్లు మార్చి లాభం లేదు.

ప్రశ్న: బొమ్మ వస్తోంది గానీ అడుగున తెల్ల గీతలు ఊగుతున్నాయి. ఇదీ కనెక్షన్ లోపమేనా?

జవాబు: కాదు. క్యాసెట్ ఆడుతుండగా ట్రాకింగ్ బటన్‌ని అటూ ఇటూ మార్చి చూడండి, చాలావరకు తగ్గుతాయి. అన్ని క్యాసెట్లకీ అలాగే వస్తుంటే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్ శుభ్రం చేయించాలి. క్యాసెట్ కిటికీలోంచి టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం దాన్ని వీసీఆర్‌లో పెట్టనే పెట్టకండి, అది హెడ్‌కి పట్టుకుందంటే తర్వాత పెట్టే క్యాసెట్లకీ అంటుకుంటుంది.