ఎంఆర్‌ఐ కన్నా మేనత్త మాటే ముఖ్యం

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చేస్తున్న పని సగంలో వదిలేసి ఇంకోదానిలో పడతారు. బిల్లుల గడువు దాటిపోతుంది, కళ్లజోడు కోసం రోజూ వెతుకులాటే. ‘వాడు బళ్లో చదివేటప్పుడూ అంతే’ అంటుంది మా మేనత్త. మెదడు ఎంఆర్‌ఐలో ‘వయసుకు తగ్గ కుంచించుకుపోవడం’ అని రాశారు. ఇది ఏడీహెచ్‌డీనా (చిన్నప్పటి నుంచీ ఉండే ఏకాగ్రత లోపం, అతిచురుకు సమస్య), అల్జీమర్సా (మతిమరుపు జబ్బు)?

జవాబు: స్కాన్ రిపోర్టు కన్నా మీ మేనత్తగారి మాటే మాకు ఎక్కువ పనికొస్తుంది. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం ఏడీహెచ్‌డీ లక్షణాల్లో కొన్నైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఏకాగ్రత లోపానికి 9, అతిచురుకు, తొందరపాటుకు 9 లక్షణాలున్నాయి. ఏదో ఒక వర్గంలో పిల్లలకు 6 ఉండాలి, 17 నిండినవాళ్లకు 5 చాలు. అరవై దాటాక కొత్తగా మొదలైందంటే మాత్రం ముందు వేరే కారణం వెతకాలి.

ఇక మెదడు సంగతి. పనిని పట్టి ఉంచేది నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. దానితో ముడిపడి మెదడు లోపల కాడేట్, పుటామెన్ అనే భాగాలు ఉంటాయి. ఈ దారుల్లో డోపమైన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాల పాత్ర పెద్దది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఈ భాగాల సగటు పరిమాణం కాస్త తక్కువే, కానీ అది వందలమందిని కలిపి చూస్తేనే తెలిసేంత చిన్న తేడా. పెద్దవాళ్లలో అదీ స్పష్టంగా కనబడదు. కాబట్టి ఒక్క మనిషి స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ ఉందనో లేదనో ఎవరూ చెప్పలేరు. పక్షవాతం మచ్చలు, కణితి, పుర్రె లోపల రక్తం చేరడం, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ బాగా కుంచించుకుపోవడం లాంటివి ఉన్నాయేమో చూడటానికే స్కాన్.

వయసుతో తగ్గిపోయేవాటిలో ప్రీఫ్రంటల్ భాగం ముందు వరసలో ఉంటుంది. అంటే పాత లోటు మీద వయసు లోటు పడుతుంది. పైగా రిటైరయ్యాక ఆఫీసు వేళల ఆసరా ఉండదు. ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన లోపం అప్పుడు బయటపడుతుంది.

అల్జీమర్స్‌తో తేడా మోకా అనే జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షలో కొంత తెలుస్తుంది. ఐదు పదాలు చెప్పి, సుమారు ఐదు నిమిషాల తర్వాత అడుగుతారు. గుర్తు రానప్పుడు ‘అదొక పువ్వు’ అని అందిస్తే టక్కున చెప్పారంటే మాట లోపలికి వెళ్లినట్టే, బయటికి తీయడమే కష్టమైంది. అందించినా ‘అలాంటి పదమే చెప్పలేదు’ అంటే హిప్పోక్యాంపస్ వైపు, అంటే అల్జీమర్స్ వైపు అనుమానం. ఇదొక్కటే తీర్పు కాదు లెండి.

దానికన్నా ముందు రక్తంలో బీ12 విటమిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించండి. వినికిడి, గురక, దిగులు కూడా పరీక్షించాలి. మందుల డబ్బాలన్నీ తీసుకెళ్లండి: మగత తెచ్చే పాతతరం అలర్జీ మాత్రలు, దిగులుకు, నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోవడానికిచ్చే కొన్ని మందులు ఏకాగ్రతను నేరుగా దెబ్బతీస్తాయి.

ప్రశ్న: ఏడీహెచ్‌డీయే అని తేలితే ఈ వయసులో మందులు వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ బీపీనీ గుండె వేగాన్నీ పెంచుతుంది. అందుకే ముందే రెండూ కొలవాలి, గుండెజబ్బు ఉంటే ఈసీజీ, గుండె డాక్టరు సలహా తప్పవు. మోతాదు మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. ప్రొస్టేట్ ఇబ్బంది ఉంటే ఏడీహెచ్‌డీకే ఇచ్చే మరో మందు అటామాక్సెటిన్‌తో మూత్రం సరిగా రాక ఆగిపోవచ్చు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వీలైతే మేనత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి.