34 మాటల కవితలో ఏముంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ప్రొద్దుటూరు. మా వారి ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాప సీబీఎస్ఈ పదో తరగతి. ఇంగ్లిష్ పుస్తకంలో అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘డస్ట్ ఆఫ్ స్నో’ అనే ఎనిమిది లైన్ల కవిత ఉంది. కాకి మంచు రాల్చింది, మనసు బాగుపడింది, అంతే. గైడులో మాత్రం దానికి రెండు పేజీల సారాంశం! పాప టెన్షన్ పడుతూ అది బట్టీ పడుతోంది. ఇంత చిన్న కవితలో నిజంగా ఏమైనా ఉందంటారా?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. గైడు వెతికే చోట మాత్రం లేదు.

మొత్తం 34 మాటలు, ఒకే ఒక్క వాక్యం. చాలావరకు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాటలే. చెట్టు మీద కాకి కదిలింది. కొమ్మ మీది మంచుపొడి కిందనున్న మనిషి మీద పడింది. దాంతో మనసు కాస్త మారి, పాడైపోయిందనుకున్న రోజులో కొంత దక్కింది. రోజంతా బాగుపడిందని ఆయన అనలేదు చూడండి, కొంత భాగం అన్నాడు. నాకు ఫ్రాస్ట్ మీద నమ్మకం కుదిరేది అక్కడే. దిగులుగా ఉన్నవాళ్లకు నిజంగా జరిగేది అంతే కదా.

అసలు ఆ రోజు ఎందుకు పాడైంది? ఇంట్లో గొడవా, అప్పులా, ఎవరైనా పోయారా? ఒక్క మాటా చెప్పలేదు. చెప్పి ఉంటే అది ఆయన రోజుగానే ఉండిపోయేది. చెప్పలేదు కాబట్టి చదివేవాళ్లు ఎవరి రోజును వాళ్లు అక్కడ పెట్టుకుంటారు. చిన్న కవితకు బలం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. సారాంశం పేరుతో ఆ ఖాళీని పూడ్చేస్తే పాపకు ఏం మిగులుతుంది?

కవితలో కాకి ఉన్నది హెమ్‌లాక్ అనే చెట్టు మీద. గైడుల్లో ఇంకో తప్పు కూడా చూశాను, హెమ్‌లాక్ అంటే విషపు చెట్టని. సోక్రటీసు తాగిన విషం హెమ్‌లాక్ అనే ఒక మొక్కది. ఫ్రాస్ట్ చెప్పింది వేరే, అమెరికా ఈశాన్య ప్రాంతంలో పెరిగే పైన్ కుటుంబపు పెద్ద చెట్టు. చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది, విషం లేదు. ఆయన న్యూ హాంప్‌షైర్‌లో కొన్నేళ్లు వ్యవసాయం చేసినవాడు. 1923లో ఈ కవిత వచ్చిన పుస్తకం పేరు కూడా ‘న్యూ హాంప్‌షైరే’. పాప జవాబులో విషం మాట రాకుండా చూడండి.

ఇక కాకి సంగతి మనకు బాగా తెలుసు. తల మీద తన్నితే కీడని తలస్నానం చేయిస్తాం. అలాంటి కాకి వల్ల ఒక రోజు బాగుపడటమా! ఆ ఆశ్చర్యం తెలుగింటి పిల్లకు ఎవరూ చెప్పకుండానే అందుతుంది. మంచు చూడలేదంటారా, వాన వెలిశాక ఏ నిద్రగన్నేరు చెట్టు కిందో కాసేపు నడిపించండి. పైన కాకి కొమ్మ మారగానే మెడ మీద చల్లగా నాలుగు చుక్కలు పడతాయి. అంతవరకూ బుర్రలో తిరుగుతున్నది ఒక్కసారి ఆగిపోతుంది.

డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను అర్థం ముందు చెప్పేదాన్ని కాదు. లైను చివర ఆగుతూ పైకి చదివించేదాన్ని. తర్వాత, ‘మీకు అలా చెడిపోయిన రోజు ఒకటి గుర్తు చేసుకోండి, నాకు చెప్పక్కర్లేదు’ అని మళ్లీ చదివించేదాన్ని. రెండోసారి గొంతులు వేరుగా ఉండేవి. పాపతో కూడా అలాగే చేసి, పరీక్ష జవాబు సొంత మాటల్లో రాయించండి.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివి బెంగళూరు పీణ్యలో పనిచేస్తున్నాను. ఇంగ్లిష్ కవిత్వం చదవాలని ఉంది కానీ, మాటమాటకీ డిక్షనరీ చూడాల్సి వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యువకుడు, పీణ్య

జవాబు: డిక్షనరీ పెద్దగా అక్కర్లేని చోట మొదలుపెట్టు బాబూ. షికాగో కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ 1959లో అచ్చువేసిన ‘వీ రియల్ కూల్’ చదువు. ఎనిమిది లైన్లు, 24 మాటలు, అన్నీ పొట్టి మాటలే. బడి మానేసి పూల్ (బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆట) ఆడుతున్న ఏడుగురు కుర్రాళ్లు తమ గొప్పలు చెప్పుకుంటారు. మొదటి ఏడు లైన్లూ ‘మేము’ అనే మాటతో ముగుస్తాయి. ఎనిమిదో లైనులో, త్వరలో చచ్చిపోతాం అంటారు. ఆ లైను చివర ‘మేము’ లేదు. కవయిత్రి ఒక్క ముక్క నీతి చెప్పలేదు. నాకైతే అక్కడ ప్రతిసారీ గుండె జారుతుంది.

ఆ తర్వాత అమెరికా కవి ఎజ్రా పౌండ్ కవిత, ‘ఇన్ ఎ స్టేషన్ ఆఫ్ ది మెట్రో’. పారిస్ మెట్రో స్టేషన్‌లో కనిపించిన ముఖాల గురించి ముందు 30 లైన్లు రాసి పారేశాడట. ఆరు నెలలకు అందులో సగం రాశాడు, ఆ తర్వాత ఏడాదికి రెండే లైన్లు. 1913లో అచ్చయింది. మన మెజెస్టిక్ మెట్రో స్టేషన్‌లో సాయంత్రం రైలు దిగే జనాన్ని చూస్తూ చదివితే ఇంకా బాగా అందుతుంది.

పైన చెప్పిన ఫ్రాస్ట్ కవిత ఉన్న టెన్త్ పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ సైటులో ఉచితంగా దొరుకుతుంది. చదివినవాటిలో నచ్చినదాన్ని నోట్‌బుక్‌లో చేత్తో రాసుకో. కొద్ది రోజుల్లోనే నోటికి వచ్చేస్తుంది.