సందేహాలు – సమాధానాలు: ఆస్తి సంక్రమించిందా, చేతులు మారిందా?

సందేహం: ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ వెళ్లినప్పుడు చూసిన హాడన్ హాల్ అనే పాత భవనం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ‘హాడన్ జమీందారీ పీవరిల్ కుటుంబం నుంచి ఎవనెల్ కుటుంబానికి, వారి నుంచి వెర్నన్ కుటుంబానికి, వారి నుంచి మానర్స్ కుటుంబానికి వారసత్వంగా సంక్రమించింది’ అని ఒక వాక్యం ఉంది. నా స్నేహితురాలు చదివి, ‘సంక్రమించడం అంటురోగాలకు వాడే మాట, చేతులు మారింది అని రాయి’ అంది. ఏది సరైనది? ఇంగ్లీషులో దీన్ని మేనర్ అంటారు, అంటే ఒక ప్రభువు కింద ఉండే భూమి, దాని మీది హక్కులు. దాన్ని జమీందారీ అనవచ్చా?

సమాధానం: ముందు మీ స్నేహితురాలి అభ్యంతరం చూద్దాం. ‘సంక్రమించు’ రోగాల కోసం పుట్టిన మాట కాదు. ‘క్రమ్’ అంటే అడుగు వేయడం. దానికి ‘సం’ చేరితే ఒక చోటు నుంచి మరో చోటికి దాటడం. సూర్యుడు మకర రాశిలోకి దాటితే సంక్రాంతి. తండ్రి ఆస్తి బిడ్డకు దాటినా, ఒకరి జబ్బు ఇంకొకరికి దాటినా క్రియ అదే. ఈ మూడింటిలోనూ ఇచ్చేవాడంటూ ఎవడూ లేడు, దాటేది తనంతట తానే దాటుతుంది. తండ్రి కన్నుమూసిన క్షణాన ఆస్తి బిడ్డలదవుతుంది, ఎవరూ చేయెత్తి ఇవ్వనక్కర్లేదు. అందుకే వారసత్వానికి దీనికంటే అమరిన క్రియ మనకు లేదు. అమ్మకానికీ దానానికీ జప్తుకూ మాత్రం ఇది పొసగదు.

కాబట్టి మాటలో దోషం లేదు. మూడు చోట్లా దాన్నే పరిచేయడంలో ఉంది చిక్కు. హాడన్ చరిత్రలో ఆ మూడు మార్పులూ ఒక్క తీరువి కావు.

1086 నాటి డూమ్స్‌డే భూమిలెక్కల్లో హాడన్ పక్కనున్న బేక్‌వెల్‌కు అనుబంధం. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే శివారు గ్రామం. ఆ తర్వాత అది విలియం పీవరిల్ వంశం అధీనంలో ఉంది. ఎవనెల్‌లు పీవరిల్‌లకు వారసులు కారు, వాళ్ల కింద భూమిని అనుభవిస్తున్నవారు. 1155లో, రెండో హెన్రీ కాలంలో, చెస్టర్ ప్రభువుకు విషం పెట్టించాడన్న అభియోగం మీద చిన్న విలియం పీవరిల్ ఆస్తులన్నీ పోగొట్టుకున్నాడు. పై హక్కు రాజు పాలైంది, కింది అనుభవం ఎవనెల్‌లకే ఉండిపోయింది. మరి ఇక్కడ సంక్రమించిందేమిటి? ‘పీవరిల్‌ల కింద ఎవనెల్‌ల అనుభవంలో ఉండేది, పీవరిల్‌ల హక్కును రాజు జప్తు చేసుకున్నాడు’ అనాలి. మన దస్తావేజుల్లో ‘హక్కు’ వేరు, ‘అనుభవం’ వేరు. ఆ తేడా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

తర్వాతి రెండు మార్పులే నాకు ఇష్టమైనవి. 1170 ప్రాంతంలో ఎవనెల్‌కు కొడుకులు లేకపోతే ఆస్తి ఇద్దరు కూతుళ్లకు వెళ్లింది. వారిలో ఒకామె భర్త రిచర్డ్ వెర్నన్. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇదే మళ్లీ జరిగింది. సర్ జార్జ్ వెర్నన్‌ను ఆ కొండప్రాంతంలో రాజు అనే పిలిచేవారు. ఆయనకు మార్గరెట్, డొరోతీ అని ఇద్దరు కూతుళ్లు. డొరోతీ 1563లో రట్లండ్ మొదటి ఎర్ల్ (ఇది ప్రభువుల బిరుదు) రెండో కొడుకు జాన్ మానర్స్‌ను పెళ్లి చేసుకుంది. తండ్రి 1565లో పోయాక ష్రాప్‌షైర్‌లోని టాంగ్ అనే ఇంకో ఆస్తి మార్గరెట్ వైపుకు, హాడన్ డొరోతీకి వచ్చాయి. డొరోతీ రాత్రివేళ మెట్లు దిగి ప్రియుడితో వెళ్లిపోయిందన్న కథ ఇప్పటికీ చెబుతారు; అది అచ్చులోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. మీ వ్యాసంలో దాన్ని ‘అంటారు’ అన్న మాటతోనే రాయండి.

ఇప్పుడు ‘వెర్నన్ కుటుంబం నుంచి మానర్స్ కుటుంబానికి’ అన్న మీ మాట చూడండి. చదివేవాడికి ఒక ఇంటివాళ్లు ఖాళీ చేసి పోతే ఇంకో ఇంటివాళ్లు వచ్చి దిగినట్టు తోస్తుంది. నిజానికి అక్కడ ఇంటిపేరు మారింది గాని రక్తం మారలేదు. ఇంగ్లీషువాళ్లు కొడుకు కొడుకునూ కూతురి కొడుకునూ ఒకే మాటతో పిలుస్తారు. మనకు పౌత్రుడు వేరు, దౌహిత్రుడు వేరు. ‘హాడన్ వెర్నన్‌ల దౌహిత్ర సంతతికి సంక్రమించింది’ అంటే నాలుగు మాటల్లో జరిగినదంతా వచ్చేస్తుంది. ఆ భవనంలోని పొడవాటి చావడిలో చెక్క పలకల మీద వెర్నన్‌ల గుర్తు అడవిపంది తల, మానర్స్‌ల గుర్తు నెమలి రెండూ చెక్కి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు పాత గుర్తును చెరిపేయలేదు, అది వాళ్ల తల్లి పుట్టింటిది.

‘పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఆస్తి’ అని రాద్దామని మీకు అనిపించవచ్చు. వద్దు. మన వాడుకలో అది తల్లిదండ్రులు తమ చేతులతో ఆడపిల్లకు ఇచ్చేది. డొరోతీకి హాడన్ దక్కింది తండ్రి పోయాక. ‘ఇల్లరికం’ కూడా ఇక్కడ నప్పదు.

భూమి కూతురి దారిన వెళ్తే బిరుదు మగవాళ్ల దారినే వెళ్లింది. ఇది కూడా మన భాషలో చక్కగా విడదీసి చెప్పవచ్చు. 1641లో రట్లండ్ ఏడో ఎర్ల్ సంతానం లేకుండా పోతే, డొరోతీ మనవడు జాన్ మానర్స్ ఎనిమిదో ఎర్ల్ అయ్యాడు. అతను ఆయనకు దాయాది. హాడన్ దౌహిత్రులకు, బిరుదు దాయాదులకు. 1703లో ఆ వంశానికి డ్యూక్ హోదా వచ్చింది. వాళ్లు బీవర్ కోటలో స్థిరపడడంతో హాడన్ రెండు వందల ఏళ్లు పాడుపడినట్టే ఉండిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో తొమ్మిదో డ్యూక్ మళ్లీ బాగుచేయించాడు. ఇప్పటికీ అది మానర్స్‌లదే.

‘వారసుడు’ గురించి ఒక మాట చెప్పాలి. అరబ్బీ ‘వారిస్’ మన దగ్గరికి వచ్చి సంస్కృతపు ‘త్వం’ చేర్చుకుని ‘వారసత్వం’ అయింది. మన శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అంటే చాలు, దానం శాశ్వతం. ఇంగ్లండ్ పాత చట్టంలో మాత్రం ఆ మాట నిలబడేది కాదు. ఫలానావాడికి శాశ్వతంగా ఇచ్చాను అని రాస్తే, వాడు బతికున్నంత కాలమే హక్కు. ‘అతనికీ అతని వారసులకూ’ అని రాస్తేనే తరతరాలకూ దాటేది. ఒక్క మాట లేక కొడుకులు ఆస్తి పోగొట్టుకునే దేశంలో ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అనే మన దస్తావేజు మాటే దానికి సరైన అనువాదం.

ఇక జమీందారీ. నా సలహా, వద్దు. మద్రాసు రాజధానిలో 1802 శాశ్వత పరిష్కారం తర్వాతి జమీందారు రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి సర్కారుకు పేష్కష్ (ఏటా కట్టే స్థిరమైన మొత్తం) కట్టేవాడు. మేనర్ ప్రభువు తన పైవాడికి బదులిచ్చింది మొదట్లో ముఖ్యంగా యుద్ధసేవతో. ఆయనకు సొంత కమతం ఉండేది, కింది రైతులు దానిలో వారానికి కొన్ని రోజులు పనిచేసేవారు. పైగా మేనర్‌కు సొంత న్యాయసభ ఉండేది. జమీందారీ అనగానే తెలుగు పాఠకుడి మనసులో 1948 నాటి రద్దు చట్టం దాకా ఒక పూర్తి కథ కదులుతుంది. ఆ కథ హాడన్‌ది కాదు. ‘మేనర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. ఒట్టి భవనం గురించి చెప్పేటప్పుడు ‘దివాణం’ అనవచ్చు. మనకూ ఆ మాట పరిపాలనకూ వాసానికీ రెండింటికీ ఉంది. ఇంకొక జాగ్రత్త: ఇంగ్లీషులో మేనర్ అనే మాటా మానర్స్ అనే ఇంటిపేరూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఒకదాన్ని ఎప్పుడూ ‘మేనర్’ అనీ, రెండోదాన్ని ‘మానర్స్ వంశం’ అనీ రాయండి.

‘చేతులు మారింది’ అమ్మకానికి బాగుంటుంది. మేనర్ కింది రైతులకైతే అది అక్షరసత్యం. రైతు తన భూమి అమ్మదలిస్తే మేనర్ న్యాయసభకు వచ్చి ఒక కర్రను అధికారి చేతికి ఇచ్చేవాడు. ఆయన ఆ కర్రను కొన్నవాడి చేతికి అందించేవాడు. ఆ సంగతి సభ పుస్తకంలో రాసి, నకలు కొన్నవాడికి ఇస్తే అదే అతని పట్టా. ఈ పద్ధతి 1926 జనవరి 1తో ముగిసింది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘హాడన్ మేనర్ పీవరిల్‌ల కింద ఎవనెల్‌ల అనుభవంలో ఉండేది. 1155లో పీవరిల్‌ల హక్కు జప్తయినా ఎవనెల్‌లు నిలిచారు. మగసంతానం లేక అది వాళ్ల కూతురి ద్వారా వెర్నన్‌లకు, 1565లో వెర్నన్‌ల కూతురు డొరోతీ ద్వారా మానర్స్ వంశానికి సంక్రమించింది.’