డైపర్లకి నెలకి రెండు వేలు: గుడ్డవి కొంటే మిగులుతుందా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. పాపకి ఐదో నెల. మా ఆయన జీతం 26 వేలు, వచ్చే నెల నుంచి నేనూ విజయనగరంలో ఉద్యోగానికి వెళ్లాలి. డైపర్లకే నెలకి దాదాపు 2 వేలు పోతున్నాయి. అత్తగారు పాత చీరలు చాలంటున్నారు. ఆన్‌లైన్‌లో 15 గుడ్డ డైపర్ల సెట్ 6 వేలకి ఉంది. కొనమంటారా?

జవాబు: సెట్ ఇప్పుడే కొనకండమ్మా. రోజుకి ఆరు, ఒక్కోటి 11 రూపాయలు అనుకుంటే నెలకి 1,980. 2025 సెప్టెంబరు నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినా, పాప పెరిగేకొద్దీ రోజుకి పట్టే సంఖ్య తగ్గినా, సైజు పెరిగితే ఒక్కోదాని ధర పెరుగుతుంది కాబట్టి రెండేళ్లు నిండేసరికి ఇంకో 30 వేలు దాకా అవుతుంది. మీ జీతానికి ఇది చిన్న మొత్తం కాదు.

అలాగని పూర్తిగా మానేయక్కర్లేదు. రాత్రికి ఒకటి, ఊరెళ్లినప్పుడు, టీకాలకి తీసుకెళ్లినప్పుడు వాడి పారేసే డైపర్లే వేయండి, పొద్దున్నే బయల్దేరాల్సిన మీకు రాత్రి నిద్ర ముఖ్యం. అది నెలకి 500. పగలు మాత్రం మీ అత్తగారి మాటే సరైంది. పాత నూలు చీర ముక్కలకి పైసా ఖర్చు లేదు, పల్చగా ఉంటాయి కాబట్టి మబ్బు రోజుల్లోనూ త్వరగా ఆరతాయి. గుడ్డ డైపర్లో పెట్టే మందపాటి ప్యాడ్ అలా కాదు, మన వైపు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే ఓ పట్టాన ఆరదు. అందుకే గుడ్డ డైపర్లు ముందు మూడే కొని, తొడల దగ్గర కారుతోందేమో చూసుకోండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, తడి పీల్చుకోవడం తగ్గిపోతుంది.

సబ్బుకీ మోటారు కరెంటుకీ ఓ 300 తీసేసినా నెలకి వెయ్యి పైనే మిగులుతుంది. కానీ మీరు ఉద్యోగానికి వెళ్లాక ఆ గుడ్డలు ఉతికేదెవరు? అత్తగారే అయితే ఆవిడ ఓపిక అడిగి తెలుసుకోండి, సాయంత్రం బకెట్ మీ ఆయన చూసుకోవాలి, లేదా 500 ఇచ్చి మనిషిని పెట్టుకోండి. అప్పటికీ లాభమే.

మిగిలింది సుకన్య సమృద్ధిలో వేయాలనిపిస్తుంది. మంచి పథకమే, 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, ఏడాదికి కనీసం 250 వేస్తే చాలు. కాకపోతే పాప పదో తరగతి దాటేదాకో, 18 నిండేదాకో మామూలుగా ఆ డబ్బు తీయలేరు. ఇంట్లో రెండు మూడు నెలల ఖర్చు చేతిలో లేకపోతే ఖాతా 250తో తెరిచి ఉంచి, మిగతాది ముందు బ్యాంకులో ఆర్డీ కట్టండి.

ఒక్కటి మాత్రం చేయకండి: డబ్బు మిగలాలని పగలు ఒకే డైపర్ పూటంతా ఉంచడం. మూడు నాలుగు గంటలకి మార్చాల్సిందే, దొడ్డికి వెళ్తే వెంటనే. చర్మం ఒరుసుకుపోతే పాపకి నరకం, పైగా ఆ 11 రూపాయలు మిగిల్చినందుకు డాక్టరు ఫీజు కట్టాలి. ఆఫర్ ఉందని పెద్ద ప్యాక్ కొనేముందు కూడా పాప బరువు చూడండి, సైజు మారే దశలో ఉంటే సగం ప్యాక్ వృథా అవుతుంది.