పదహారేళ్లప్పటి కేసు పోలీసు ఉద్యోగానికి అడ్డమా?

ప్రశ్న: 2017లో నాకు పదహారేళ్లు. మా వీధిలోని ఇరవై ఏళ్ల అబ్బాయితో కలిసి ఒక బైకు ఎత్తుకెళ్లాను. దొంగతనం కేసు పెట్టారు. మరుసటి ఏడాది జువైనల్ బోర్డు నన్ను మందలించి ఇంటికి పంపింది. అప్పటినుంచి ఖాకీ చొక్కా కనబడితే పక్క సందులోకి తిరిగిపోతాను. ఇప్పుడు నేనే కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను! అటెస్టేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా’ అని అడిగారు. ‘లేదు’ అని రాసేయమంటున్నారు స్నేహితులు. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఆ సలహా వినకండి. పాత కేసు చేయని చేటు ఆ ‘లేదు’ చేస్తుంది.

జువైనల్ జస్టిస్ చట్టం, 2015లోని 24వ సెక్షన్ మీ పక్షానే ఉంది. మైనర్‌గా చేసిన నేరాన్ని ఈ చట్టం కింద విచారిస్తే, శిక్ష పడ్డవాళ్లకుండే అనర్హతలు మీకు అంటవు. పదహారు దాటినవాళ్లను ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలాగే విచారించి దోషిగా తేల్చినప్పుడు మాత్రం ఈ రక్షణ లేదు. మీది దొంగతనానికి పెట్టే ఐపీసీ 379వ సెక్షన్, గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉన్న నేరం, ఘోరమైన నేరాల్లోకి రాదు. నిజానికి మీరొక్కరే చేసి ఉంటే ఎఫ్‌ఐఆర్ కూడా కట్టకూడదు. పెద్దవాడు తోడుండబట్టి కట్టారు.

చిక్కంతా అక్కడే ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మీ రికార్డులను ఏడేళ్లకు మించి ఉంచకూడదు. కానీ మీతో ఉన్నవాడి కేసు మామూలు కోర్టులో నడిచింది కదా, ఆ ఫైల్లో అదే ఎఫ్‌ఐఆర్, అందులో మీ పేరు ఉంటాయి. బీరువాలో కట్టలు విప్పి మీ ఒక్కరి కాగితం చింపేవాళ్లెవరు? వెరిఫికేషన్‌లో బయటపడుతుందనే అనుకోండి.

వివరాలు నిజంగా చెప్పాలనీ, దాస్తే ఉద్యోగం తీసేయొచ్చనీ 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న నేరమైతే క్షమించే విచక్షణ శాఖకు ఉందనీ అంది, కానీ దాన్ని నమ్ముకుని దాచడం జూదం. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసు చూడండి. మైనర్‌గా ఉన్నప్పటి కేసును అతను తానే చెప్పాడు. ఆరోపణ రుజువైనా సరే, దాన్ని చూపించి ఉద్యోగం నిరాకరించడానికి వీల్లేదని అదే కోర్టు అంది. బాల్యంలోని కేసును చెప్పనక్కర్లేదని అలహాబాద్ హైకోర్టు కూడా ఒకసారి అంది. అది వాదనకు పనికొస్తుంది గానీ, దాన్ని చూసుకుని అబద్ధం రాయమని నేను చెప్పను.

ఫారంలో ఇలా రాయండి: ‘అవును. మైనర్‌గా ఉండగా ఒక కేసు. 2018లో జువైనల్ బోర్డు మందలింపుతో ముగించింది. 24వ సెక్షన్ ప్రకారం అనర్హత లేదు.’ బోర్డు ఉత్తర్వు నకలు, పుట్టిన తేదీకి టెన్త్ మెమో జతచేయండి. ఫైలు నాశనం చేశామని బోర్డువాళ్లంటే, ఆ మాటే రాసివ్వమనండి. అయినా ఎంపిక రద్దు చేస్తే కారణాలు రాతపూర్వకంగా తీసుకుని ఆలస్యం చేయకుండా హైకోర్టులో రిట్ వేయండి.